ఇంజన్ ఎవరు విప్పాలి

ఆపినా ఆగని బండిని ఆ వీధివాళ్లు అంతకుముందెప్పుడూ చూసి ఉండరు.

చిన్నకోడలు మామగారిని వ్యాయామం చేయించే డాక్టరు దగ్గర్నుంచి ఇంటికి తీసుకొస్తోంది. తుంటి ఎముక విరిగి ఇప్పుడిప్పుడే కుదుటపడుతున్న మనిషి. కర్రని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, "మెల్లిగా పోనీ డ్రైవరమ్మా, నా తుంటికి స్పేర్ పార్టులు దొరకవు" అంటున్నారు. ఇంట్లో ఆమెను డ్రైవరమ్మా అని పిలిచేది ఆయనొక్కరే. లారీ ఎదురైతే లారీయే సర్దుకుని పక్కకి జరిగేంత పెద్ద, ఖరీదైన ఆ బండిని ఆమె చేతికిచ్చి, పక్కన నిశ్చింతగా కూర్చునేదీ ఆయనొక్కరే.

మలుపు తిరుగుతుండగా ఇంజన్ ఈలేసినట్టు కూసింది. ఆ వెంటనే, ఎవరూ తొక్కకుండానే హోరెత్తడం మొదలుపెట్టింది. ఆమె పెడలు మీంచి కాలు తీసేసింది. హోరు పెరిగింది. గేరు తీసేసి, బండిని ఓ పక్కకి లాగి, స్విచ్ కట్టేసింది. ఇంకా పెరిగింది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చి వీధంతా కమ్మేసింది. ఎదురుగా ఉన్న మందుల షాపు బోర్డు కూడా కనబడలేదు.

"ఆపమ్మా!"

"ఆపేశాను మామయ్యా! అదే ఆగట్లేదు!"

ఆయన్ని భుజాన వేసుకున్నంత పని చేసి కిందికి దించింది. రోడ్డు దాటించి మందుల షాపు మెట్ల మీద కూర్చోబెట్టింది. అందరూ బండి అంటుకుంటుందనే అనుకున్నారు. కాఫీ కొట్టతను బకెట్లో నీళ్లు పట్టుకొచ్చి, దగ్గరికెళ్లే ధైర్యం చాలక బకెట్‌తోనే నిలబడిపోయాడు. తాళం తీసిన బండి, డ్రైవరు లేని బండి, దయ్యం పట్టినట్టు ఊగిపోతూ అరిచి అరిచి, లోపల ఇనుము విరిగిన చప్పుడుతో ఒక్కసారిగా చచ్చిపోయింది.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆమె మాత్రం అనుకోలేదు. చాలాకాలం కిందట వాళ్లన్నయ్య అన్నం తింటూ చెప్పిన మాట చెవిలో గింగురుమంటోంది. "డీజిల్ బండికి ఒక్కోసారి పిచ్చెక్కుతుందే. టర్బో లోపల విరిగితే ఇంజన్ తన నూనె తనే తాగేస్తుంది. ఇంక తాళం తీసినా ఆగదు. తాగడానికేమీ మిగలనప్పుడు ఆగుతుంది, అంతే."

టర్బో అంటే ఇంజన్‌లోకి గాలి ఊది బలమిచ్చే చిన్న చక్రాల డబ్బా. ఆ మాట గుర్తుకు రాగానే ఆమె ఒళ్లు ముందు చల్లబడింది. తర్వాత నెమ్మదిగా, అరికాళ్ల నుంచి, వేడెక్కింది. ఎందుకంటే ఈ బండికి టర్బో మార్చి మూడేళ్లే అయింది. అసలు సిసలైనది, కొత్తది, బావగారు దగ్గరుండి మరీ వేయించారని ఇంట్లో అందరికీ తెలుసు. అలాంటిది ఇలా విరగదు.

అసలు వాళ్లన్నయ్య బతుకు బుగ్గయింది కూడా ఆ టర్బో దగ్గరే.

అప్పట్లో అతను ఈ బండిని అమ్మిన కంపెనీవాళ్ల వర్క్‌షాపులోనే పనిచేసేవాడు. ఇంజన్ పని అంటే అతనే చెయ్యాలని పేరు. చెల్లెలి అత్తవారి బండి కదా అని సర్వీసుకొస్తే తనే చూసేవాడు. ఒకసారి సర్వీసై ఇంటికొచ్చిన కొద్దిరోజులకే బండి ఎత్తు ఎక్కలేక ఆయాసపడింది. పెద్దకొడుకు దాన్ని మళ్లీ వర్క్‌షాపుకి తోలుకెళ్లి గొడవ చేశాడు. విప్పి చూస్తే, ఉండాల్సిన టర్బో లేదు. దాని చోట ఎక్కడిదో చవకబారు నకిలీ ఉంది. చివరిగా చెయ్యిపెట్టింది ఎవరు? ఇంకెవరు, చిన్నకోడలి అన్న.

పెద్దకొడుకు అక్కడే, పనివాళ్లందరి ముందూ, "జేబులు తియ్యరా దొంగా" అన్నాడు. జేబులో పట్టేటంత వస్తువు కాదది. అయినా తీయించాడు. పనిముట్ల పెట్టె బోర్లించాడు. మేనేజరు నోరు మెదపకుండా చూసి, ఆఖర్న అతని చొక్కాకున్న పేరుబిళ్ల తనే ఊడదీసుకుని, ఇంక రావద్దన్నాడు. నకిలీ టర్బో మీద చెక్కుడు పెన్నుతో తన గుర్తు గీసి, మీ వస్తువు మీరు పట్టుకెళ్లండని పెద్దకొడుకు చేతిలో పెట్టాడు.

దొంగ అన్న పేరు పొగలాంటిది. కిటికీలు మూసినా లోపలికొస్తుంది. అన్నయ్యకి ఏ వర్క్‌షాపులోనూ పని దొరకలేదు. కుదిరిన పెళ్లి నుంచి పిల్ల తరఫువాళ్లే వద్దనుకుని తప్పుకున్నారు. మామగారు "నీ అన్న నా గడప తొక్కడానికి వీల్లేదు" అన్నారు. చిన్నకోడలి మొగుడు గోడ మీద పిల్లి. "పోనీలే, ఇంటి పరువు" అన్నాడు. ఎవరింటి పరువో చెప్పలేదు. ఆమె ఆ రోజు నుంచి అన్నీ కడుపులో పెట్టుకుంది. అందరికీ వడ్డించింది, మామగారి మందులు వేళకిచ్చింది, బావగారికి కాఫీ అందించింది. కప్పు అందించిన ప్రతిసారీ, నీ జేబులు తీయించే రోజు నాకొకటి రాకపోదు అనుకునేది.

ఇదిగో, వచ్చింది.

ఆ సాయంత్రం ముందుగదిలో అందరూ కూర్చున్నారు. బండిని తాడు కట్టి తెచ్చి గేటు లోపల నిలబెట్టారు. దాని కిందనుంచి నల్లటి నూనె గచ్చు మీదికి పాకుతోంది. మామగారికి టైల్స్ వ్యాపారం. మాట తక్కువ, లెక్క ఎక్కువ.

"ఇంజన్ పోయిందంటున్నారు. ఎవరికిద్దాం?" అన్నారు.

"ఇందులో ఆలోచించేదేముంది నాన్నా?" అన్నాడు పెద్దకొడుకు. ఎప్పుడూ కాలు మీద కాలేసుకుని మాట్లాడే మనిషి, ఆ రోజు కుర్చీ అంచున కూర్చున్నాడు. "మా స్నేహితుడి గ్యారేజీ ఉంది కదా. మూడేళ్లుగా మన బండి చూసేది వాడే. పొద్దున్నే పట్టుకుపోతాడు. కంపెనీ వాళ్లైతే ఇంజన్ మొత్తం మార్చాలని మన చర్మం ఒలుస్తారు."

"నువ్వేమంటావురా?" అని చిన్నకొడుకుని అడిగారు.

"మీరెలా అంటే అలా" అన్నాడు చిన్నకొడుకు. ఆ మాట కోసం అతన్ని అడగక్కర్లేదు.

"లేదా ఉన్నదున్నట్టు అమ్మేద్దాం" అన్నాడు పెద్దకొడుకు మళ్లీ. "విప్పడం ఎందుకు, ఖర్చు ఎందుకు? మావాడే ఎవరికో ఒకరికి అంటగడతాడు."

పెద్దకోడలు కాఫీలు తెచ్చి అందరికీ ఇస్తోంది. మెత్తటి మనిషి. తోడికోడలికి జ్వరమొస్తే తల్లిలా చూసుకునే మనిషి. "అమ్మెయ్యకండి మామయ్యా, పిల్లలకి ఆ బండంటే ప్రాణం" అంది.

అప్పుడు పెద్దకొడుకు చిన్నకోడలి వైపు తిరిగాడు. ఆమె ఒక్క మాటా అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తనే అందుకున్నాడు. "ఒకటి మాత్రం ముందే చెప్తున్నా. మీ అన్నయ్యని తీసుకొస్తానంటే నేనొప్పుకోను. ఒకసారి కాల్చుకున్నాం, చాలు."

 పెద్దకోడలు తల దించుకుంది.

"బావగారు చెప్పింది నిజమే మామయ్యా" అంది చిన్నకోడలు. "మా అన్నయ్య చేతికి ఇవ్వొద్దు. రేపు ఏది పోయినా మళ్లీ ఆ మాటే వస్తుంది. బావగారి స్నేహితుడికీ ఇవ్వొద్దు. మూడేళ్లు చూసింది ఆయనేగా, చూసి చూసీ ఇలా చేశారు. కంపెనీ వర్క్‌షాపుకే ఇద్దాం."

"ఆ దొంగల కొంపకా?" అన్నాడు పెద్దకొడుకు.

"దొంగని మీరే పట్టిచ్చారు కదా బావగారూ. వాళ్లు పంపించేశారు కూడా. ఇంక అక్కడ దొంగలు లేనట్టేగా."

మామగారు ఆమె వైపు చూసి, కొడుకు వైపు చూశారు.  పెద్దకొడుకు ఏ మాట అందామన్నా తన పాత మాటే అడ్డొస్తోంది.

"అమ్మాయి చెప్పింది బాగుంది" అన్నారు మామగారు. "కంపెనీకే."

తెల్లారి ఆమె లేచేసరికి గేటు దగ్గర ఇనుప గొలుసుల చప్పుడు. వెళ్లి చూస్తే బండ్లు లాక్కెళ్లే క్రేను. దాని తలుపు మీద బావగారి స్నేహితుడి గ్యారేజీ పేరు. పెద్దకొడుకు బనీనుతోనే నిలబడి, "తొందరగా, తొందరగా" అని గుసగుసలాడుతున్నాడు.

ఆమె అరవలేదు. ఇంట్లోకెళ్లి కాఫీ కలుపుకుంది. కప్పు పట్టుకొచ్చి, బండి తలుపు తీసి, డ్రైవరు సీట్లోకెక్కి, లోపల్నుంచి లాక్ వేసుకుంది.

"దిగమ్మా" అన్నాడు పెద్దకొడుకు అద్దం మీద తడుతూ.

ఆమె అద్దం కాస్త దించింది. "కాఫీ తాగుతున్నాను బావగారూ."

"ఇదెక్కడి చోద్యం? ఇంట్లో చోటు లేదా?"

"ఇక్కడ ఎత్తుగా ఉంటుంది. అన్నీ కనబడతాయి."

క్రేను డ్రైవరు నవ్వాపుకోలేక పక్కకి తిరిగాడు. మనిషిని లోపల పెట్టుకుని బండి ఎత్తను, తర్వాత నా మీదికొస్తుందని చెప్పేశాడు. పెద్దకొడుకు గొంతు పెరిగింది. ఆడది, మర్యాద, ఇంటి గుట్టు అని ఏవేవో అన్నాడు. ఆ గొంతుకి పక్కింటి మేడ మీద దుప్పటి ఆరేస్తున్నావిడ ఆరేయడం మానేసింది. ఆఖరికి మామగారు కర్ర టకటకలాడించుకుంటూ వరండాలోకొచ్చారు.

"ఎవరు పిలిచారు దీన్ని?"

"నేనే నాన్నా. కంపెనీవాళ్లు ఆలస్యం చేస్తారని..."

"నిన్న నేనేమన్నాను?"

 మామగారు కొడుకు మొహంలోకి చాలాసేపు చూశారు. టైల్స్ పెట్టెలో పగిలిన పలక ఎక్కడుందో పైనుంచి తట్టి చెప్పే మనిషి. అప్పుడాయనకి ఏం వినబడిందో ఏమో, "క్రేను పంపించెయ్" అన్నారు. "కంపెనీవాళ్లు వస్తారు. విప్పేటప్పుడు మనం ముగ్గురం అక్కడే ఉంటాం. నువ్వు, నేను, అమ్మాయి."

ఆమె కప్పు ఖాళీ చేసి కిందికి దిగింది. కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. అయినా అంత రుచైన కాఫీ ఈమధ్య తాగలేదు.

వర్క్‌షాపులో మార్పేమీ లేదు. అదే పచ్చరంగు గచ్చు, బండ్లని పైకెత్తే అవే ఇనుప చేతులు. మేనేజరు మాత్రం కాస్త లావెక్కాడు. మామగారిని చూసి ఎదురొచ్చి, కుర్చీ వేయించి, చల్లటి నీళ్లు తెప్పించాడు. ఆమెను చూసి ఎవరో గుర్తుపట్టి, చూపు తిప్పుకున్నాడు.

"పైన అద్దాల గదిలో కూర్చోండి సార్, ఏసీ ఉంది. విప్పాక కబురు చేస్తాం."

"ఇక్కడే కూర్చుంటాం" అంది ఆమె. "మేం చూస్తుండగా విప్పండి."

ఇద్దరు మెకానిక్కులు పని మొదలుపెట్టారు. గొట్టం ఊడదీస్తే అందులోంచి నూనె బొటబొట కారింది. మరో గొట్టం తీస్తే సన్నటి ఇనుప రేకుల ముక్కలు రాలాయి. "టర్బో చక్రం ముక్కలైపోయి ఇంజన్ మింగేసింది సార్" అన్నాడు మెకానిక్కు. దాన్ని ఊడదీసి బల్ల మీద పెట్టి గుడ్డతో తుడిచాడు. మేనేజరు వంగి చూశాడు. చూసినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఏంటి సార్?" అంది ఆమె.

"ఏం లేదు... సార్, మీరొకసారి నా గదిలోకి వస్తే మాట్లాడదాం."

"వద్దు" అంది ఆమె. గొంతు పెద్దది చెయ్యలేదు కానీ, దగ్గర్లో పనిచేస్తున్నవాళ్లు చేతులాపి చూశారు. "అప్పుడు మా అన్నయ్య సంగతి మీ గదిలో మాట్లాడలేదు. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే మాట్లాడారు. ఇప్పుడూ ఇక్కడే చెప్పండి."

మేనేజరు నుదురు తుడుచుకున్నాడు. తప్పించుకునే దారి కోసం చుట్టూ చూశాడు. కనబడలేదు.

"ఈ గుర్తు నేను గీసిందే సార్" అన్నాడు మామగారితో. "మూడేళ్ల కిందట మీ బండిలో దొరికిన నకిలీ టర్బో ఉంది చూడండి, అది ఇదే. మీ అబ్బాయి చేతికే ఇచ్చాను. ఎవరో లోపల బాగుచేయించి మళ్లీ ఇదే బిగించారు. కొత్తది వేయలేదు."

"కొత్తది కొనమని నేను వీడికి డబ్బిచ్చానే" అన్నారు మామగారు, ఎవరికో చెబుతున్నట్టు. ఆ తర్వాత కొడుకు వైపు తిరిగారు.

పెద్దకొడుకు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఒక్క క్షణమే. అంతలోనే తేరుకున్నాడు. "మోసం! ఆ గ్యారేజీవాడు నన్ను మోసం చేశాడు నాన్నా! కొత్తదని చెప్పి పాతది బిగించాడు. వాడి అంతు చూస్తా!"

ఆ మాట ఎవరైనా నమ్మేదే. చిన్నకోడలికి ఇంత దూరం లాక్కొచ్చిన చేప గట్టు మీంచి నీళ్లలోకి జారిపోతున్నట్టే అనిపించింది. నకిలీదాన్ని మళ్లీ బిగించినవాడు దొరికితే దొరకొచ్చు. మొదటిసారి అసలుది తీసిందెవరో ఎవరు చెప్తారు?

మామగారు ఫోను తీశారు. స్నేహితుడి నంబరు కలిపి, అందరికీ వినబడేలా పెట్టి, బల్ల మీద టర్బో పక్కనే ఉంచారు. వ్యాపారం చేసి ముసలైన మనిషి. గొంతులో కోపం చుక్క కూడా లేకుండా మాట్లాడారు.

"బాబూ, నేనే. టర్బో సంగతి మావాడు అంతా చెప్పేశాడు. నువ్వే మోసం చేశావంటున్నాడు. పోలీసుల దగ్గరికెళ్లేముందు నీ మాట కూడా విందామని."

అవతల గొంతు బొంగురుగా లేచింది. "నేనా? నేనా మోసం చేసింది? సార్, రెండుసార్లూ మీవాడు అడిగితేనే మార్చాను! అసలుది తీయించింది ఆయన, అమ్మించింది ఆయన. నాకు కూలి తప్ప..."

"రెండుసార్లూనా?" అన్నారు మామగారు.

"రెండుసార్లూ!"

ఆయన ఫోను కట్టేశారు. వర్క్‌షాపులో ఎక్కడో గాలి యంత్రం బుసకొట్టి ఆగింది. 

పెద్దకొడుకు ఏదో గొణిగాడు. అప్పట్లో ఇబ్బందుల్లో ఉన్నానన్నాడు, నెమ్మదిగా సర్దేద్దామనుకున్నానన్నాడు, ఇంత దూరం వస్తుందనుకోలేదన్నాడు. మామగారు కర్ర మీద రెండు చేతులూ పెట్టి నేల చూస్తున్నారు. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారే. మేనేజరు కూడా అయిపోయిందనుకుని మెకానిక్కులకి వెళ్లమని సైగ చేశాడు.

"ఉండండి" అంది చిన్నకోడలు. "ఎవరూ వెళ్లొద్దు. మేనేజరుగారూ, అటువైపు ఉన్నవాళ్లని కూడా పిలవండి. ఆ రోజు అందరూ ఉన్నారు."

పిలిచారు. నూనె చేతులతో, మాసిన బట్టలతో ఒక్కొక్కరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. కొందరు పాతవాళ్లే. వాళ్లకి ఆమె ఎవరో తెలుసు.

"బావగారూ" అంది ఆమె. "జేబులు తీయండి."

"ఏంటి?"

"జేబులు. తీసి బల్ల మీద పెట్టండి."

అతను తండ్రి వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. మామగారు తల ఎత్తలేదు. "తియ్యి" అన్నారు.

పెద్దకొడుకు జేబులో చెయ్యిపెట్టాడు.  దువ్వెన, తాళాలు, కడుపు మంటకి వేసుకునే మాత్రల అట్ట, కూతురిది ఎర్రటి జుట్టు క్లిప్పు ఒకటి. ఒక్కొక్కటే బల్ల మీద, నూనె మరకల మధ్య పెట్టాడు. ఆఖర్న ఖాళీ జేబు తెల్లటి గుడ్డ నాలుకలా బయటికి వేలాడింది. ఆ క్లిప్పుని చూసి ఒక ముసలి మెకానిక్కు మొహం తిప్పుకున్నాడు. చిన్నకోడలు తిప్పుకోలేదు. రెప్ప వాల్చకుండా, ఆఖరి వస్తువు దాకా చూసింది. మూడేళ్లుగా ఇలాగే చూడాలనుకుంది. అనుకున్నదానికంటే బాగుంది.

అప్పుడు మేనేజరుతో అంది. "మా అన్నయ్య చొక్కా మీద పేరు మీరే తీశారు. వీళ్లందరి ముందూ ఇప్పుడొక మాట చెప్పండి."

"పొరపాటైంది" అన్నాడు మేనేజరు నేల చూస్తూ.

"గట్టిగా."

"అతను దొంగతనం చేయలేదు. పొరపాటు నాదే" అన్నాడు. ఈసారి అందరికీ వినబడింది.

ఇంక మిగిలింది ఇంజన్. కంపెనీవాళ్లు కొత్త ఇంజనే వేయాలన్నారు. దానికి అడిగిన ధరకి మరో బండి వచ్చేస్తుంది. లేదంటే పాత ఇంజనే పూర్తిగా విప్పి, లోపల అరిగినవన్నీ మార్చి, మళ్లీ నిలబెట్టాలి. అలాంటి పని ఇక్కడ సరిగ్గా చేసేవాడు ఒక్కడే ఉండేవాడని, తలొంచుకునే ఒప్పుకున్నాడు మేనేజరు.

మర్నాడు మామగారు చిన్నకోడలిని వెంటబెట్టుకుని వాళ్లన్నయ్య షెడ్డుకి వెళ్లారు. రేకుల షెడ్డు. అక్కడ అతను జనరేటర్లు బాగుచేస్తాడు. మూడేళ్లలో జుట్టు ముందువైపు పల్చబడింది. ఫోనులో సంగతంతా రాత్రే చెల్లెలు చెప్పింది. అయినా తెలియనట్టే స్టూలు తుడిచి వేసి, పెద్దాయన్ని కూర్చోబెట్టి, నీళ్లిచ్చాడు.

మామగారు నీళ్లు తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించారు. "తప్పు మాది బాబూ. నా గడప తొక్కొద్దన్నాను. ఇవాళ నేనే నీ గడప తొక్కాను. ఆ బండి నువ్వే బాగుచెయ్యాలి. ఏమడిగినా ఇస్తాను."

చెల్లెలు తలుపు దగ్గర నిలబడి అన్న మొహం చూస్తోంది. అతను మెత్తబడతాడేమోనని భయపడింది. చిన్నప్పట్నుంచీ అతనిది వెన్నలాంటి మనసు. ఎవరు ఏడ్చినా కరిగిపోతాడు.

అతను పెద్దాయన చేతులు పట్టుకుని కిందికి దించాడు. "మీరు పెద్దవారు, నాకు దణ్ణం పెట్టకూడదు" అన్నాడు. తర్వాత గోడనున్న గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, చాలాసేపు, ఒక్కో వేలూ. "కార్లు మళ్లీ మొదలుపెడతాను మామయ్యా. పని మర్చిపోలేదు. ఎవరి బండి తెచ్చినా చేస్తాను. మీ బండి చేయను."

"కోపం ఉంటుంది. కాదనను. కానీ..."

"కోపం కాదండీ. ఆ ఇంజన్ విప్పితే ప్రతి బోల్టు దగ్గరా నాకా రోజే గుర్తొస్తుంది. అలాంటి చేత్తో పనిచేయకూడదు." ఆగి, నెమ్మదిగా అన్నాడు. "కాదులెండి. కోపమే. ఎందుకు దాచాలి? మీవాడు దాని వైపు చూసినప్పుడల్లా అది చచ్చి పడుండాలి. నాకదే కావాలి."

 వెన్న అనుకున్నది ఎప్పుడో గడ్డకట్టి రాయైందని చెల్లెలికి అప్పటిదాకా తెలియదు. సంతోషించాలో ఏడవాలో తేలక, షెడ్డు బయటికొచ్చి నిలబడింది.

దారిలో మామగారు అడిగారు. "ఇంక ఎవరికిద్దామంటావు?"

"ఎవరికీ వద్దు మామయ్యా."

ఆయన ఊఁ అన్నారు, అంతే. వర్క్‌షాపు నుంచి మళ్లీ తాడు కట్టి తెచ్చిన బండి గేటు లోపలే, ముక్కు ఊడదీసినట్టు, మూత తెరుచుకునే ఉండిపోయింది.

పెద్దకొడుకుని మామగారు కొట్టు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేపేశారు. దూరంగా, పలకలు నిల్వచేసే గోదాము చూసుకోమని పంపారు. అక్కడే వెనక రెండు గదులున్నాయి, అందులోనే కాపురం. పెద్దకోడలు పిల్లల బట్టలు సర్దుతుంటే చిన్నకోడలు గుమ్మంలో నిలబడింది. ఆమె ఇచ్చే చీర మడతలు అందుకుని పెట్టెలో పెట్టింది. 

"నువ్వు చేసింది తప్పని నేననను" అంది పెద్దకోడలు ఆఖరికి. "మీ అన్నయ్యకి జరిగింది అన్యాయమే. ఆ పెళ్లి తప్పిపోయినప్పుడు నేనూ ఏడ్చాను, నీకు తెలీదు. కానీ నాకొక్క మాట ముందు చెప్పాల్సింది. పిల్లని పట్టుకుని ఏ మొహంతో బయటికెళ్లాలో ఆలోచించుకునేదాన్ని."

"చెప్తే నువ్వు బావగారికి చెప్పేదానివి అక్కా."

పెద్దకోడలు చీర మడతపెట్టడం ఆపింది. అబద్ధమాడటం ఆమెకి చేతకాదు. "చెప్పేదాన్ని" అంది.

"అందుకే."

పెట్టె మూత పడలేదు. ఇద్దరూ దాని మీద చెరోవైపు కూర్చుని నొక్కి గొళ్లెం వేశారు. ఎప్పుడైనా అయితే ఇద్దరూ నవ్వేవారే. ఆ రోజు నవ్వలేదు. ఆటో వచ్చింది. పిల్లలు చిన్నమ్మని కావలించుకున్నారు. పెద్దకోడలు కావలించుకోలేదు. "వస్తాను" అనలేదు, "వెళ్తున్నా" అంది.

వాళ్లు వెళ్లాక ఇల్లు పెద్దదైపోయింది. మామగారు భోజనం చేసి పడుకున్నారు. చిన్నకొడుకు వంటింటి గడప దగ్గరకొచ్చి నిలబడ్డాడు. అతను ఆమె వైపు ఒక మాట మాట్లాడలేదు, అన్న వైపూ మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం, ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్నది బయటపడ్డట్టు అడిగాడు.

"ఇప్పుడైనా కడుపు నిండిందా?"

ఆమె కంచంలో అన్నం పెట్టుకుంటోంది. ఆలోచించింది. అక్క లేని వంటిల్లు చూసింది. ఈ ఇంట్లో ఇంకెవరూ తనకి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టరు. అదీ తెలుసు.

"నిండింది" అంది.

కూర్చుని, కంచం ఖాళీ అయ్యేదాకా, నెమ్మదిగా తింది.